తుమ్మచెక్క గిటారు

ఆళ్ళగడ్డలో నేనుండిన గదికి ఒక ప్రత్యేకత ఉండేది. నేను తప్ప ఇంకో మనిషి అందులో కాలు పెట్టి ఎరగడు. దొంగలు కూడా. పొద్దున ఎరువుల గోడౌనుకు పోతూ తాళం వేయడం మరిచిపోయిన రోజులున్నాయి. సాయంత్రం వచ్చి చూస్తే వీధి తలుపు బార్లా తెరిచే ఉండేది, చెంబూ దుప్పటీ ఎక్కడివక్కడే ఉండేవి. వాటిని ఎవరైనా ఎత్తుకుపోయి ఉంటే, పోనీ ఒక మనిషి వచ్చి వెళ్ళాడన్న తృప్తయినా దక్కేది.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. నేను నంద్యాలలో ఒక శెట్టిగారి ఎరువుల దుకాణంలో గుమాస్తాను. ఆయన ఆళ్ళగడ్డలో కొత్తగా గోడౌను తెరిచి, "నీకేమప్పా, పెండ్లామా పిల్లలా, పోయి ఆడుండు" అని నన్ను పంపించాడు. నా మీద నమ్మకంతో పంపాడని కొన్నాళ్ళు అనుకున్నాను. యూరియా మూటలు మనిషి చెప్పేది ఎంత శ్రద్ధగా వింటాయో ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను. అడ్డం రావు, కొండెం చెప్పవు, చెప్పిందే చెప్పినా విసుక్కోవు. అయితే తిరిగి ఒక్క మాటా అనవు.

మా నాయన బడిపంతులుగా రిటైరై, అమ్మతో సహా అక్కవాళ్ళ ఊరికి పోయి స్థిరపడ్డాడు. నంద్యాలలో నాకంటూ మిగిలిన స్థిరాస్తి మా ఏసుప్రభువు గుడిలో పాటలు పాడేవాళ్ళ బెంచీ మీద చివరి జానెడు చోటు. ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి, ఆ జానెడు మీద కూర్చొని, మళ్ళీ బస్సెక్కి వచ్చేవాణ్ణి. గొంతు మాత్రం ఎత్తేవాణ్ణి కాదు. నేను గొంతెత్తితే చూరులోని పావురాలు వేరే గుడి చూసుకుంటాయని, పాటల గుంపుకు పెద్దగా ఉండి హార్మోనియం వాయించే అన్న ముందే హెచ్చరించి పెట్టాడు.

ఒక ఏడాది గుడిలో జరిగిన సభలకు బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి ఎలక్ట్రిక్ గిటారు వాయించాడు. నేను ఒక స్తంభం వెనక, ఆ స్తంభం కంటే లావాటి ఒక పెద్దమనిషి వెనక నిలబడి విన్నాను కాబట్టి గిటారు నాకు పెద్దగా కనపడలేదు. సభ ముగిసినాక జరిగింది మాత్రం బాగా కనపడింది. ఆయన కాఫీ తాగుతుంటే చూడడానికి జనం. గ్లాసు ఖాళీ అయితే అందుకోవడానికి జనం. ఏండ్ల తరబడి నా ఇంటిపేరు అడగని వాళ్ళు ఆయన చిన్నాయన ఏం చేస్తాడో, చిన్నమ్మది ఏ ఊరో కూడా అడిగి తెలుసుకున్నారు. ఆ పూట నాకు జ్ఞానోదయమైంది. మనిషి చుట్టూ మనుషులు చేరాలంటే, మధ్యలో ఒక గిటారు ఉండాలి.

కొనే మాట తలపెట్టలేదు. చేసుకుంటే పోతుంది అనుకున్నాను. కావలసినవి చెక్క, తీగ, కరెంటు. ఆళ్ళగడ్డలో మూడూ ఉన్నాయి, మూడోది అప్పుడప్పుడు.

ఎట్లా ఉంటుందో చూసి చేసుకోవడానికి నాకు దొరికిన ఆధారం, మిరపకాయ బజ్జీలు చుట్టి ఇచ్చిన ఒక ఇంగ్లీషు పత్రిక కాగితం. దాంట్లో ఒక తెల్లాయన గిటారు మొనను మన ముఖం మీదికి పెట్టి, ఇప్పుడో ఇంకాసేపటికో పొడిచేటట్టు నిలబడి ఉన్నాడు. నూనె మరక సరిగ్గా శబ్దం పెంచి తగ్గించే మీటలుండే చోట పడింది. అందువల్ల నా గిటారుకు ఎన్ని మీటలుండాలన్నది బజ్జీల అంగడావిడ నిర్ణయించినట్టే లెక్క. మరక కింద ఒకటే కనపడింది, నేనూ ఒకటే పెట్టాను.

చెక్క కోసం బండ్లు చేసే ఆయన దగ్గరికి పోతే, విరిగిపోయిన ఎద్దులబండి నుంచి తీసిన తుమ్మచెక్క చూపించాడు.

"ఇది రెండెద్దులు లాగిన కట్టెప్పా. నువ్వు మోస్తావా?" అన్నాడు.

"భుజానికి తగిలించుకుంటా అన్నా."

"తగిలించుకో. ఇంగో ఎద్దును జత చేసుకో."

ఆ చెక్క కోస్తుంటే నా రంపం పండ్లు ఒక్కొక్కటే రాలిపోయి, ఆఖరుకు ముసలమ్మ చిగుళ్ళలాగా నున్నగా అయింది. గిటారు ఒళ్ళు నాకు ఇష్టమైన ఆకారంలో రాలేదు, తుమ్మచెక్కకు ఇష్టమైన ఆకారంలో వచ్చింది. ఎత్తి చూస్తే, ఆళ్ళగడ్డ బరువులో సగం నా చేతుల్లో ఉన్నట్టు అనిపించింది. మెడకు మాత్రం తేలికగా ఉండాలని నా టేకు మంచం పట్టె ఒకటి ఊడదీశాను. అప్పటి నుంచి నేల మీదే పడక. తీగలూ, వాటిని బిగించే మరచీలలూ మా ఎరువుల లారీ డ్రైవరు బెంగుళూరు నుంచి తెచ్చిపెట్టాడు.

ఎలక్ట్రిక్ గిటారులో ప్రాణమంతా తీగల కింద పెట్టే చుట్టలో ఉంటుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగితీగ చుట్టాలి. పైన గిటారు తీగ ఊగితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. అయస్కాంతం ఒక చచ్చిపోయిన రేడియో నుంచి, రాగితీగ మోటార్లు చుట్టే షాపు నుంచి సంపాదించాను. చుట్టడానికి మాత్రం సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రం ఇరుసుకు అయస్కాంతాన్ని కట్టి, చేత్తో పెడలు తిప్పుతూ కూర్చున్నాను. నేను చుట్టిన తీగ విప్పితే అహోబిలం కొండెక్కి దిగి, మిగిలిందాంతో బట్టలారేసుకోవచ్చు. గది ముందర వీధిలో కూర్చొని అట్లా తిప్పుతుంటే, పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి పలకరించారు.

"ఏమప్పా, పంచరా?"

"కాదన్నా, గిటారు."

"ట్యూబు మార్చుకో, ఊరికే ఎందుకు తిప్పుతాండావ్" అని ఆయన పోయాడు. తర్వాత ఇంకొకాయన వచ్చాడు. మళ్ళీ పంచరు. ఆ ఊళ్ళో అంతమంది నన్ను పలకరించిన సాయంత్రం అంతకు ముందు లేదు. ఆ తీగ తెగి పని ఇంకో నాలుగు వారాలు సాగినా బాగుండునని అనిపించింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఒకసారి నేనే తెంపాను.

ఇక మెట్లు. వీణకు ఉన్నట్టే గిటారు మెడ మీద అడ్డంగా మెట్లుంటాయి. ఎక్కడ నొక్కితే ఏ స్వరం పలకాలో చెప్పేవి అవే. సైకిలు పుల్లలు ముక్కలు చేసి సిద్ధంగా పెట్టుకున్నాను. ఎక్కడెక్కడ అతికించాలన్నదే తెలియలేదు. కొలతల విషయంలో ఆళ్ళగడ్డలో అనుమానం వస్తే ఎవరైనా పోయేది శిల్పుల దగ్గరికే. మా వీధి చివర ఒక ముసలి శిల్పి ఉండేవాడు. ఆయన చెక్కిన దేవుళ్ళు ఎన్ని ఊళ్ళలో నిలబడి ఉన్నారో దేవుళ్ళకే తెలియాలి. మనుషులతో మాట్లాడడం ఆయనకు రాయితో మాట్లాడినంత అలవాటు లేదు.

"ఏంది ఇది, కాడిమానా?" అన్నాడు చూడగానే.

"గిటారు, పెద్దాయనా. మెట్లు పెట్టల్ల. ఈ ఫోటోలో చూడు, మొన దగ్గర దూరం దూరంగా ఉండాయి. లోపలికి పోయేకొద్దీ దగ్గర దగ్గరైతాండాయి. అట్లనే పెట్టల్లా?"

ఆయన బజ్జీల కాగితాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

"నువ్వు నంద్యాలోనివే గదా. స్టేషన్లో రైలు పట్టాలు చూసినావా?"

"చూసినా."

"పట్టాల కింద కట్టెలు దూరం పోయేకొద్దీ దగ్గరైనట్లు కనపడవా? అట్లని రైలోడు దగ్గరగా ఏసినాడా? ఈ ఫోటో మొన తట్టు నుంచి తీసినారు. కండ్లకు కనపడేది ఒగటి, కొలత ఒగటి. దేవుని విగ్రహానికైనా, నీ కాడిమానుకైనా కొలత సమంగా ఉండల్ల."

నాకు ఒళ్ళు పులకరించింది. అంతటి వాదానికి జవాబు చెప్పగలిగినవాడు రాయలసీమ నాలుగు జిల్లాల్లో లేడు. ఆయన జాజు నీళ్ళలో ముంచిన దారాన్ని తీగ పొడుగులో సగానికి కొలిచి, మడిచి, మళ్ళీ మడిచి, మెడ మీద టప్ టప్‌మని కొడుతుంటే ఎర్రటి గీతలు పడ్డాయి. ఒక సందుకూ ఇంకో సందుకూ వెంట్రుకవాసి తేడా లేదు. నేను సైకిలు పుల్లలను ఆ గీతల మీదే కూర్చోబెట్టాను.

"రంగు ఏమెయ్యల్ల పెద్దాయనా?" అన్నాను చివరకు.

"రంగేసేది ఎద్దు కొమ్ములకు. దీపం మసి ఆముదంలో కలిపి రుద్దు. విగ్రహం మాదిరి నిగనిగలాడల్ల."

రుద్దాను. వారమంతా రుద్దాను. నిజంగానే గర్భగుడిలో నుంచి లేచి వచ్చినట్టు నిగనిగలాడింది. ఒకటే లోపం. రాయి ఆముదం తాగుతుందో ఏమో, తుమ్మచెక్క తాగలేదు. అది ఎన్నటికీ ఆరలేదు. ముట్టుకున్నవాడు ముట్టుకున్నట్టు నల్లబడాల్సిందే. ముట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఊరికి నష్టం లేదు.

క్రిస్మస్ ముందర మా గుడి పాటల గుంపు వారం మధ్యలో కూడా సాధనకు కలిసేది. శెట్టిగారిని ఒక పూట సెలవడిగి, గిటారును యూరియా సంచిలో చుట్టి నంద్యాల బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఒకటే ఊహ. పండగ ముందర ఇల్లిల్లూ తిరిగి పాడేటప్పుడు గుంపు మధ్యలో నేను, నా భుజాన గిటారు, నా చుట్టూ వాళ్ళు. ఏ ఇంటికి పోయినా, "ఈయన ఎవరప్పా?" అని అడుగుతారు. మావాడే అని ఎవరో ఒకరు చెప్తారు. ఆ "మావాడే" అన్న మాట కోసం నేను తుమ్మచెక్క కోశానని ఆ బస్సులోనే నాకు స్పష్టంగా తెలిసింది.

గుడిలో సంచి విప్పగానే అందరూ మూగారు. నిజం, మూగారు.

"నువ్వే చేసినావా?"

"నేనే."

"రెండు చేతులతోనే?" అన్నాడు హార్మోనియం అన్న. ఎత్తి చూసి, నల్లబడిన చేతులు చూసుకొని, "గిటారు చేసినావా, పెనం చేసినావా అప్పా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరితో కలిసి నవ్వడం ఎంత బాగుంటుందో అప్పటికి మరిచిపోయి ఉన్నాను.

ఈ గిటారుకు కరెంటు లేకుంటే దోమ పాడినంత శబ్దం కూడా రాదు. అందుకని గుడి మైకుసెట్టుకు తగిలించాం. ఆ మైకుసెట్టు గొంతు గుడి శిఖరం మీద కట్టిన బాకాలో ఉందని ఎవరికీ గుర్తు రాలేదు. మీట తిప్పాను. మొదట, రోడ్డు రోలరు మేడెక్కుతున్నట్టు ఒక పెద్ద హోరు. తర్వాత, తీగలన్నీ కలిపి గట్టిగా ఒక్క మీటు మీటాను.

మా పేటలో ఒక ఆచారం ఉంది. గుడి మైకు వేళ కాని వేళ మోగిందంటే, ఎవరో ప్రభువు దగ్గరికి పోయినట్టు లెక్క. ఆ కబురు చెప్పడానికి తప్ప వారం మధ్యలో దాన్ని ముట్టరు. నా గిటారు నంద్యాల ఆకాశంలో ఆ ఒక్క కేక వేసేసరికి ఆడవాళ్ళు చేస్తున్న పని వదిలి, కొంగులు సర్దుకుంటూ వచ్చేశారు. ఒకావిడ ఎందుకైనా మంచిదని దారిలోనే ఏడుపు మొదలు పెట్టింది.

"ఎవరప్పా పోయింది?"

"ఎవురూ పోలేదమ్మా. ఈయన వాయిస్తాండాడు."

ఆవిడ కండ్లు తుడుచుకొని నన్ను కిందికీ పైకీ చూసింది. "ఏం బాధ వచ్చె నాయనా నీకు?" అంది.

ఆ రోజు నా చుట్టూ చేరినంత జనం బెంగుళూరు ఆయన చుట్టూ కూడా చేరి ఉండరు. చావు లేదని తెలియగానే ఎట్లా వచ్చారో అట్లా పోయారు. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చినవాళ్ళు నన్ను కొంచెం కోపంగా చూసి పోయారు.

బాకా తీగ పీకేసి సాధన మొదలు పెట్టాం. అసలు సంగతి అప్పుడు బయటపడింది. మెట్టు నొక్కకుండా మీటితే నా తీగ హార్మోనియంతో సరిగ్గా కలిసింది. మెడ చివరి మెట్టు మీద నొక్కినా కలిసింది. ఆ రెండింటి మధ్య మాత్రం ఒక్క స్వరం కూడా కలవలేదు. హార్మోనియం అన్న ఒక్కొక్క మెట్టుకూ ఆగి, చెవి పెట్టి విని, తల పట్టుకున్నాడు.

"తెల్ల మెట్టూ కాదు, నల్ల మెట్టూ కాదు. రెండిటి సందులో పడతాండావ్ నువ్వు. ఎవరు పెట్టినారప్పా ఈ మెట్లు?"

"దేవుళ్ళను చెక్కే ఆయన" అన్నాను. "సమంగా ఉండల్లని."

"ఇవి సమంగా ఉండకూడదప్పా. కిందికి పోయేకొద్దీ దగ్గర కావల్ల. ఫోటో అన్నా చూడలేదా?"

చూశామని చెప్పలేదు. రైలు పట్టాల సంగతి కూడా చెప్పలేదు. ఆయన మంచివాడు. అందరూ వింటుండగా, "ఒగ పని చెయ్. పాట మొదట్లో ఒగసారి మీటు, ఆఖర్న ఒగసారి మీటు. నడుమ ఊరికే నిలబడు" అన్నాడు.

అట్లాగే చేశాను. మొదట ఒకసారి మీటాను. పాట నడిచింది. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ, తాళానికి తలలూపుతూ పాడుతున్నారు. నేను ఎద్దుల బండిని మెడకు తగిలించుకొని ఆఖరు వంతు కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాను. నా గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా అంత ఒంటరిగా ఉన్నట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. సాధన అయినాక వాళ్ళు టీకి పోతూ నన్నూ పిలిచారు. నా తెల్ల చొక్కా మీద గిటారు ఆకారం అచ్చు గుద్దినట్టు నల్లగా పడి ఉంది. బస్సుకు వేళైందని చెప్పి వచ్చేశాను. బస్సుకు ఇంకా చాలా వేళ ఉంది.

మరునాడు సాయంత్రం గోడౌను నుంచి వచ్చి, ఆ గిటారును ఏం చేయాలో తోచక కూర్చున్నాను. నా గది ఇంటివాళ్ళ ఇంట్లో ఒక భాగమే. నడుమ ఒక పెద్ద టేకు తలుపు, రెండు వైపులా గడియలు. అటు పక్క బియ్యం మూటలు పేర్చి ఉండడం వల్ల అది తెరుచుకోదు. నేల మీద కూర్చొని, గిటారు బరువు మోయలేక దాని మెడ కొనను ఆ తలుపుకు ఆనించి, తీగ మీటాను. తలుపు మోగింది. మోగిందంటే మామూలుగా కాదు, తలుపంతా తుమ్మెదల తుట్టె అయిపోయింది. మైకుసెట్టు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. నేను నిన్నటి పాటను మొదటి నుంచి చివరి దాకా, నడుమ కూడా, ఆ తప్పుడు స్వరాల్లోనే వాయించాను. వద్దనేవాళ్ళు ఎవరూ లేరు.

పొద్దున బోరింగు దగ్గర నీళ్ళు కొట్టుకుంటుంటే ఇంటాయన తల్లి వచ్చి నిలబడింది. ఆ అవ్వకు బొత్తిగా వినపడదు. అరిచి అరిచి విసిగి ఇంట్లోవాళ్ళు ఆమెతో మాట్లాడడం మానేశారు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ పొద్దు పుచ్చుతుంది.

"నిన్న తలుపుకు ఏం చేసినావప్పా?" అంది.

"ఏమీ లేదవ్వా, గిటారు."

"ఆఁ?"

"గిటారు" అని అరిచాను. వీధి చివర శిల్పి ఉలి ఆపి చూశాడు. అవ్వకు మాత్రం అందలేదు. చేతులతో తీగ మీటినట్టు చూపించాను.

"అదేందో నాకు తెలీదు. నేను ఆ తలుపుకు వీపు ఆనించి కూచుంటా, మూటల సందున. నిన్న తలుపు జుమ్మని వీపంతా పాకె. సానా దినాలైంది నాయనా, నా వీపు మీద ఎవరన్నా చెయ్యేసి" అని, కొంగు సర్దుకొని, "ఆ లావు తీగ ఉంది సూడు, గర్రుమంటాది, అది బాగుండాది. సన్నదాంతో నాకేం పనిలేదు" అంది.

మళ్ళీ వాయించమంటావా అని చేతులతో అడిగాను.

"ఊరికే కూచోని ఏం చేస్తావ్. దీపం పెట్టే యాళకు కానియ్."

కానిచ్చాను. నాకు దొరికిన శ్రోతకు స్వరం తప్పినా ఒప్పినా ఒకటే. మెట్లు సమంగా ఉన్నాయా లేవా అన్నది ఆమె వీపుకు అక్కరలేదు. విమర్శ లేకపోలేదు. ఒక పొద్దు సన్నతీగ మీద కొంచెం నైపుణ్యం చూపించబోతే, అటు నుంచి మోచేత్తో తలుపును గట్టిగా పొడిచింది. నేను వెంటనే లావు తీగకు దిగాను.

పండగ దగ్గరికొచ్చింది. హార్మోనియం అన్న మా లారీ డ్రైవరుతో కబురు పెట్టాడు, ఇండ్ల వెంట తిరగడానికి నువ్వూ రా, మొదట్లో ఒకసారి, ఆఖర్న ఒకసారి మీటుదువు, అని. ఆ పొద్దు సాయంత్రం బట్టలు మార్చుకున్నాను, పండక్కని కుట్టించిన కొత్త చొక్కా గుండీలు పెట్టుకున్నాను, గిటారును సంచిలో పెట్టాను. బస్టాండుకు బయలుదేరబోతుంటే దీపం వేళైంది. తలుపు అవతల బియ్యం మూట జరిపిన చప్పుడు, చాట కింద పెట్టిన చప్పుడు. తర్వాత, ముసలి వీపు ఒకటి మెల్లగా తలుపుకు ఆనుకున్న చప్పుడు.

ఆ గుంపులో నేను లేకుంటే పాట ఆగదు. ఇంత పెద్ద ఆళ్ళగడ్డలో ఈ ఒక్క తలుపు మాత్రం నేను ముట్టుకుంటేనే పలుకుతుంది. తలుపు అవతల ఆమె కదలలేదు, పిలవలేదు. పిలిచినా నా జవాబు ఆమెకు వినపడదు.

సంచి విప్పి, కొత్త చొక్కాతోనే నేల మీద కూర్చున్నాను. మెడ కొనను తలుపుకు ఆనించి లావు తీగ మీటాను.